ఫ్రాంక్ బెజ్జీనాకి నేనివ్వని రొట్టె

ఫ్రాంక్ బెజ్జీనా మా అమ్మ శవపేటిక పక్కన నిలబడి మా అక్కకి ప్రసాదం ఇవ్వనన్నాడు. ముందు ఈ మాట చెప్పాకే మిగతాది చెబుతాను. ఎందుకంటే ఊళ్లో ఇప్పుడు కథ వేరేగా తిరుగుతోంది. సామ్ వస్సాల్లోకి, అంటే నాకు, పొగరట. పట్టిన పట్టు వదలడట. పాపం ముసలాయన ఫ్రాంక్, పెళ్లాన్ని వెంటబెట్టుకుని దేవుడి దగ్గరికొస్తే అందరి ముందూ చెయ్యి చాపించి అవమానించాడట. ఈ పాపం అన్న మాట ఫ్రాంక్‌కి ఎవరు తగిలించారో గాని, ఆ రోజు మా అక్క ముఖం చూసినవాళ్లయితే తగిలించరు.

మా తాత, ఫ్రాంక్ తాత మాల్టా నుంచి ఒకే ఓడలో వచ్చారు. ఇద్దరూ మకాయ్ రేవులో దిగి, నది వెంట పైకొచ్చి, ఒకే పాకలో పడుకుని కూలికి చెరకు నరికారు. తర్వాత చెరో తోట కొనుక్కున్నారు. మిల్లు పక్క మెరక నేల వాళ్లకి దొరికింది, వాగు పక్క పల్లం మాకు దొరికింది. తుఫానొస్తే వాళ్ల చెరకు వంగి మళ్లీ లేస్తుంది, మాది నీళ్లలో కుళ్లుతుంది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ట్రాక్టరెక్కాను. నాకంటే చాలా పెద్దవాడు ఫ్రాంక్, అప్పటికే చదువుకుని, గుడి వ్యవహారాలు చూసే విచారణ సంఘంలో కూర్చున్నాడు. గాలికి గుడి పైకప్పు లేచిపోతే కొత్త రేకులు వేయించింది ఆయనే. ఆ తర్వాత ఆ రేకుల కిందకి వచ్చిన ప్రతి ఫాదరూ ఆయన మాటే విన్నాడు.

మా అక్క డోరిస్ ఎన్నో ఏళ్లుగా లిన్ అనే ఆవిడతో కాపురం ఉంటోంది. ఊరికి తెలుసు. అమ్మకీ తెలుసు. ఆదివారం కుందేలు కూర వండితే అమ్మ ఇద్దరికీ పక్కపక్కనే కంచాలు పెట్టేది. దాని గురించి ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. నోరెత్తకపోవడమే మా ఊరి మర్యాద, ఆ మర్యాద నడిచినంత కాలం ఫ్రాంక్‌కీ ఇబ్బంది లేకపోయింది. అమ్మ పోయాక పేపర్లో వేయించిన చావు కబురులో కూతురు డోరిస్ పక్కన లిన్ పేరు కూడా వేశాం. అంతే. అచ్చులో పడింది కాబట్టి అది పాపం అయిపోయింది.

అమ్మ అంత్యక్రియల పూజలో ప్రసాదం వేళ ఫాదర్ ఒక పక్క, ఫ్రాంక్ ఒక పక్క ప్రసాదంగా ఇచ్చే పల్చటి అప్పాల గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఫ్రాంక్ వైపు వరసలో డోరిస్ ముందుంది, నేను వెనక. అక్క రెండు చేతులూ చాపింది. ఫ్రాంక్ గిన్నె మీద అరచెయ్యి మూశాడు.

"నీకు కాదమ్మా. పక్కకి జరుగు," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. బస్సులో టికెట్ లేనివాళ్లని దిగమన్నట్టు అన్నాడు.

డోరిస్ చేతులు అలాగే ఉన్నాయి. పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, అమ్మ ఉంది. ఫాదర్ అంతా చూసి తన గిన్నెలోకి తల వంచేసుకున్నాడు. నేను అక్క భుజం పట్టుకుని వెనక్కి తిప్పాను. నేనూ తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఆ గుళ్లో కాలు పెట్టలేదు.

పెగ్ టియర్నీ అని, అమ్మ చివరి నెలల్లో ఆసుపత్రిలో చూసుకున్న నర్సు. అంతకు ముందు చాలా కాలం కన్యస్త్రీగా ఉండి బయటికొచ్చింది. రోముతో సంబంధం లేని క్యాథలిక్కులు కొందరున్నారు. వాళ్లకీ పూజలున్నాయి, బిషప్పులున్నారు. వాళ్లలో ఒక బిషప్ ఈమెకి గురుపట్టం ఇచ్చి, ఫాదర్లలాగే పూజ చెయ్యొచ్చన్నాడు. సమాధి దగ్గర అందరూ వెళ్లిపోయాక పెగ్ డోరిస్ దగ్గరికొచ్చి, "నా దగ్గర రొట్టె ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు," అంది. ఆ ఒక్క మాట మీద మొదలైంది మా సంఘం.

మొదట్లో ఊరి హాలు అద్దెకి తీసుకున్నాం. విడాకులైనవాళ్లు, పెళ్లి లేకుండా పిల్లల్ని కన్నవాళ్లు, మగాడితో ఉండే మగాళ్లు, ఏ గుళ్లోనూ ఇమడనివాళ్లు వచ్చేవాళ్లు. వెరా ఆంటీ వచ్చేది. ఆవిడ ముత్తాతని దక్షిణ సముద్రపు దీవుల నుంచి బలవంతంగా పట్టుకొచ్చి ఇక్కడి చేలల్లో చెరకు నరికించారు. జీవితమంతా విచారణ గుడి తుడిచిన మనిషి, ఒకరోజు చీపురు అక్కడే పారేసి మా దగ్గరికొచ్చింది. ఫ్రాంక్ హాలు కమిటీ చెవిలో ఏదో ఊదాడు. హాలు వేరే పనికి కావాలన్నారు. ఆ వేరే పని ఏమిటో నేటికీ ఎవరికీ తెలీదు, తాళం వేసే ఉంది.

అప్పుడు నేను నా ట్రాక్టర్ షెడ్డు ఖాళీ చేశాను. ట్రాక్టర్‌ని వానలో నిలబెట్టి దేవుణ్ణి లోపల పెట్టాను. నేల సిమెంటు చేయించాను, దీపాలు పెట్టించాను. గుమ్మం మీద పలక కట్టాను, "ఎవరైనా రావచ్చు, ఎవరూ ఏమీ అడగరు," అని. ఆ మాటలు పెగ్‌వి, రంగు నాది. ఫ్రాంక్ క్లబ్బులో దీనికి ట్రాక్టర్ పూజ అని పేరు పెట్టాడు. డీజిల్ వాసన వచ్చే ప్రసాదం అన్నాడట.

మా పూజలో ఒక పద్ధతి ఉంది. డోరిస్ కాల్చిన గుండ్రటి రొట్టె తెస్తుంది. అందరం గుండ్రంగా నిలబడతాం. ఎవరి రొట్టె వాళ్లు తీసుకోకూడదు. పక్కవాళ్లు తుంచి, పేరు పెట్టి పిలిచి, "ఇది నీకు," అని అరచేతిలో పెట్టాలి. తీసుకున్నవాళ్లు మిగతా రొట్టె అందుకుని ఎడమ పక్కవాళ్లకి అలాగే పెట్టాలి. అలా తిరిగి తిరిగి చివరికి పెగ్ దగ్గరికొస్తుంది. ఎవరైనా ఆపితే వాళ్ల తర్వాతివాళ్లకెవ్వరికీ ఉండదు. ఆ పద్ధతి పెట్టినప్పుడు నాకు తెగ నచ్చింది. ఇక ఏ ఫ్రాంకూ గిన్నె పట్టుకుని నిలబడే పనిలేదు అనుకున్నాను.

షెడ్డు సొంతంగా ఉంటే సరిపోదని నేనే అన్నాను. నేను చస్తే నా కొడుకు అమ్మేసుకుంటాడు. అందుకని షెడ్డునీ దాని చుట్టూ ఉన్న నేలనీ సంఘం పేర రాస్తానన్నాను. ఊరికే రాయడం కాదు, ఈ నేల మీద నుంచి ఏ మనిషినీ, ఏ కారణం మీదా వెళ్లగొట్టే హక్కు ఎవరికీ ఉండకూడదని, ఇచ్చినవాడికి కూడా ఉండకూడదని రాయించమన్నాను. పెగ్ ఒప్పుకోలేదు.

"ఆలోచించుకో సామ్. రేపు మా మీద నీకే కోపం రావచ్చు," అంది.

"వస్తే నేను బయటికెళ్తా. మీరు మాత్రం ఎక్కడికీ వెళ్లరు," అన్నాను.

"అంత బిగించి రాయక్కర్లేదేమో."

"బిగించకపోతే ఫ్రాంక్ లాంటివాడు ఎవడో ఒకడు సందు చూసుకుంటాడు. రాయించండి."

మకాయ్‌లో లాయరు కూడా నా వైపు అదోలా చూశాడు. నేను సంతకం పెట్టేశాను. ఫ్రాంక్ లాంటివాణ్ణి ఆపడానికే పెట్టాను.

కొన్నేళ్లు బాగా గడిచాయి. ఆ కొన్నేళ్లలో ఫ్రాంక్ భార్య చనిపోయింది. ఆవిడ మంచి మనిషి, నేను ఏమీ అనను. తర్వాత ఫ్రాంక్ మెర్లీ అనే ఆవిణ్ణి రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడు. ఫిలిప్పీన్స్ మనిషి, వృద్ధాశ్రమంలో పని చేసేది. ఆవిడ మొదటి మొగుడు ఎప్పుడో వదిలేసి వెళ్లిపోయాడు, కానీ రోము లెక్కలో ఆ పెళ్లి ఇంకా బతికే ఉంది. కొత్త ఫాదర్ కుర్రవాడు, రేకులు ఎవరు వేయించారో తెలీనివాడు. ఫ్రాంక్‌ని పిలిచి, ఇకమీదట మీరిద్దరూ ప్రసాదం వరసలోకి రావద్దన్నాడు. విచారణ సంఘంలోంచీ తీసేశాడు.

ఈ కబురు విన్న రోజు నేను బీరు తాగుతూ నవ్వుకున్నాను. నవ్వుకున్నందుకు నాకేం విచారం లేదు.

చెరకు కోతలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం, పూజ సగంలో ఉండగా, షెడ్డు బయట కారాగింది. ఫ్రాంక్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు. వెనకాల మెర్లీ, చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం.

ఫ్రాంక్ గుమ్మం మీద పలక చదివి, "మేమూ రావచ్చా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పెగ్, "రండి," అంది.

అప్పటికే అందరం గుండ్రంగా నిలబడి ఉన్నాం. లిన్ కాస్త జరిగి చోటిచ్చింది. ఆ చోటు నా ఎడమ పక్క. లిన్ కావాలని చేసిందని నేను అనను, ఆవిడ అలాంటి మనిషి కాదు. కానీ ఫ్రాంక్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడి అవతల, పళ్లెం బల్ల మీద పెట్టి వచ్చిన మెర్లీ, ఆవిడ అవతల లిన్, తర్వాత వెరా ఆంటీ. నా కుడి పక్క డోరిస్.

రొట్టె తిరుగుతూ వచ్చింది. డోరిస్ తుంచి నా అరచేతిలో పెట్టి, "సామ్, ఇది నీకు," అంది. కళ్లెత్తి నా వైపు చూసింది. ఏం చెయ్యొద్దురా అన్న చూపది. నేను నా ముక్క తిన్నాను. మిగతా రొట్టె అందుకున్నాను.

ఫ్రాంక్ పక్కవాళ్లని చూసి పద్ధతి పట్టేశాడు. రెండు చేతులూ చాపాడు. మా అక్క ఎలా చాపిందో అలాగే. ముసలి చేతులు, మచ్చలు పడ్డాయి. ఆ చేతులే గిన్నె మీద మూసుకున్నాయి. నేను ముక్క తుంచాను. పేరు పలకాలి. ఫ్రాంక్ అన్న మాట నా నోట్లోంచి రాలేదు.

చెయ్యి వాడి ముందు నుంచి చాపి మెర్లీకి ఇవ్వబోయాను. "మెర్లీ, ఇది నీకు," అన్నాను. ఆవిడతో నాకు తగువు లేదు.

మెర్లీ గుప్పెళ్లు మూసేసుకుంది. "ముందు ఆయనకివ్వండి," అంది.

"ఆయనకి నేనివ్వను."

"అయితే నాకూ వద్దండి."

వెరా ఆంటీ అవతల నుంచి, "ఒరే బాబూ, నేను పొద్దున్నించి ఏమీ తినలేదు. తేల్చండి," అంది. ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"ఫ్రాంక్, ఒక్క మాట అను. డోరిస్‌కి చేసింది తప్పని అను. ఇచ్చేస్తా," అన్నాను.

ఫ్రాంక్ నా వైపు చూడలేదు. చేతులు మాత్రం దించలేదు. మిల్లుకి వెళ్లే చెరకు రైలు కూత వేసుకుంటూ పోయింది. నేను రొట్టె బల్ల మీద పెట్టి బయటికి నడిచాను. గుమ్మంలో ఆగి వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

డోరిస్ వెళ్లి బల్ల మీది రొట్టె తీసుకుంది. తుంచింది. "ఫ్రాంక్, ఇది నీకు," అని వాడి చేతిలో పెట్టింది. వాడు నోట్లో వేసుకుని నమిలాడు. కొట్టువాడి నుంచి చిల్లర తీసుకున్నట్టు తీసుకున్నాడు. థాంక్స్ లేదు, క్షమించమని లేదు. రొట్టె మెర్లీకిచ్చి ముద్దుగా పేరు పెట్టి పిలిచాడు.

పూజయ్యాక డోరిస్ కొళాయి దగ్గరికొచ్చింది, నేను చేతులు కడుగుతున్నాను.

"నీకు సిగ్గు లేదా?" అన్నాను.

"దేనికి?"

"నిన్ను అమ్మ ముందర నిలబెట్టి..."

"నిలబెట్టింది నన్ను కదరా. నాకు లేని మంట నీకెందుకు?"

"లేదా నీకు?"

డోరిస్ కొళాయి కట్టేసింది. "ఉంది. చాలా ఉంది. కానీ వాడు చెయ్యి చాపుకుని నిలబడితే నేను చెయ్యి మూశాననుకో, అప్పుడు నేనేమవుతా? చెప్పు. నాకు వాడి పోలిక వద్దు."

"వాడు మారి రాలేదు డోరిస్. వాడి కాలికి దెబ్బ తగిలితే వచ్చాడు."

"మనమెందుకు వచ్చాం?"

"మనం తప్పు చేసి రాలేదు."

అక్క తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయింది. మా అక్క ఏ తప్పూ చెయ్యకుండా చెయ్యి చాపింది. ఫ్రాంక్ తప్పు చేసి చాపాడు. రెండు చేతుల్నీ ఒకటే అనేవాళ్లకి కళ్లు లేవనే నేనంటాను.

మరుసటి ఆదివారం పూజ తర్వాత అందరినీ కూర్చోమన్నాను. మా సంఘంలో ఏ పనికైనా అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి, అదీ పద్ధతే. ఫ్రాంక్, మెర్లీ కూడా కూర్చున్నారు. మెర్లీ తెచ్చిన కొబ్బరి అట్లు అందరూ తింటున్నారు. నేను ముట్టుకోలేదు.

"నాకేమీ పెద్ద కోరిక లేదు. తప్పు చేశానని ఒక్క మాట, అందరి ముందూ, అక్కతో. గుళ్లో అందరి ముందే కదా చేశాడు," అన్నాను.

పెగ్ ఫ్రాంక్ వైపు తిరిగింది. "మీరేమైనా చెప్పాలనుకుంటే చెప్పండి ఫ్రాంక్. చెప్పకపోయినా మీరిక్కడ ఉండొచ్చు."

ఆ రెండో మాట ఎందుకు చెప్పాలి? అది చెప్పాక ఎవడు నోరు విప్పుతాడు? అయినా ఫ్రాంక్ విప్పాడు.

"అప్పట్లో గుడి నియమం అది. నాకు చెప్పిన పని నేను చేశాను," అన్నాడు.

"విన్నారా?" అన్నాను.

"విన్నాం. నాకూ నచ్చలేదు. కానీ సామ్, ఇక్కడ రొట్టెకి షరతు పెట్టం. షరతు పెట్టినవాళ్ల దగ్గర్నించే కదా మనమంతా వచ్చింది," అంది పెగ్.

"ఇది షరతు కాదు, మర్యాద. కాలు తొక్కినవాడు కూడా సారీ చెబుతాడు."

"చెబితే బాగుండేది. చెప్పేదాకా ఆకలితో నిలబెడదామా?"

"నిలబెడదాం. మా అక్కని నిలబెట్టాడుగా."

వెరా ఆంటీ టీ కప్పు కింద పెట్టింది. "ఒరే సామ్, నేను పుట్టినప్పటి నుంచి ఆ గుళ్లో మా వాళ్లది వెనక బెంచీ. ఎవరూ చట్టం చెయ్యలేదు, అలా కూర్చోబెట్టారంతే. ముందు బెంచీల్లో ఎవరు కూర్చునేవాళ్లు? బెజ్జీనాలు, వస్సాల్లోలు. నువ్వెప్పుడైనా వచ్చి నాకు సారీ చెప్పావా?"

"నేను నిన్ను వెనక కూర్చోబెట్టలేదు ఆంటీ."

"ముందుకి పిలవనూ లేదుగా. అయినా నీ చేతికి టీ ఇస్తున్నానా లేదా? షరతు పెట్టానా?"

"దానికీ దీనికీ ముడిపెట్టకు."

"ముడి నేను పెట్టలేదు బాబూ. అదే పడి ఉంది."

వెరా ఆంటీ అంటే నాకు గౌరవం, అందుకని అక్కడితో ఆపాను. లేకపోతే చెప్పేవాణ్ణి. నేను చిన్నప్పుడు ఏ బెంచీలో కూర్చున్నానో దానికీ, పెద్దమనిషి ఒకడు తెలిసి తెలిసి చెయ్యి మూయడానికీ తేడా లేదా?

నేను లేచి నిలబడ్డాను. "సరే. వాడుంటే నేనుండను. తేల్చుకోండి."

లిన్ సంఘంలో ఎప్పుడూ పెదవి విప్పని మనిషి. ఆవిడే అంది: "నువ్వూ ఉండు సామ్. ఆయనా ఉంటాడు. మేం ఎవరినీ పంపం. పంపితే నన్ను మొదటే పంపి ఉండేవాళ్లు."

"లిన్, నీ పేరు పేపర్లో వేసినందుకే కదా వాడు అంత చేసింది."

"నాకు తెలుసు. అందుకే ఈ మాట నేను అంటున్నా. వేరేవాళ్లు అంటే నువ్వు కొడతావని."

కొందరు తల దించుకుని నవ్వారు. ఫ్రాంక్ కూడా. వాడు నవ్వడం చూశాక నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది నా షెడ్డు," అన్నాను. "ఈ సిమెంటు నేను పోయించాను. ఫ్రాంక్ బెజ్జీనా, లే. నా నేల మీంచి పో."

ఫ్రాంక్ లేచాడు కూడా. సగం లేచి పెగ్ వైపు చూశాడు. పెగ్ చాలా మెల్లగా, "కూర్చోండి ఫ్రాంక్," అంది. తర్వాత నాతో, "ఇది నీది కాదు సామ్. నువ్వే కాదన్నావు. నేను వద్దన్నా వినలేదు," అంది.

తగువు పెట్టి అన్నా బాగుండేది. ఆవిడ కళ్లలో నీళ్లు పెట్టుకుని అంది. నేను ఫ్రాంక్ లాంటివాడు రాకుండా బిగించిన బిగింపు ఫ్రాంక్‌నే కూర్చోబెట్టింది, నన్ను నిలబెట్టింది. డోరిస్ లేచి నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకున్నాను. నా టోపీ తీసుకుని, చెరకు వరసల మధ్య నుంచి ఇంటికి నడిచాను. ఆకు నా మెడ మీద గీసుకుపోయింది, అదీ తుడుచుకోలేదు.

మకాయ్‌లో లాయరు దగ్గరికెళ్లాను. ఆయన కాగితాలు తిప్పి చూసి, ఇంత గట్టిగా నేను ఎవరికీ రాయలేదు, మీరే అడిగారు అన్నాడు. దారి లేదన్నాడు. ఉన్నా వెతకనన్నట్టే చూశాడు.

ఇప్పుడు ఆదివారం నేను కోత యంత్రం నడుపుతాను. కావాలనే ఆ గట్టు వైపు నడుపుతాను, చప్పుడు వినబడాలని. వాళ్లు ఇంకాస్త గట్టిగా పాడతారు. విచారణ గుడికి వెళ్లను, షెడ్డుకీ వెళ్లను. దేవుడికి నాతో పనుంటే తోటలో ఉంటాను, రావచ్చు. పెగ్ నెలకోసారి గుమ్మంలోకి వచ్చి, నీ చోటు అలాగే ఉంది అంటుంది. ఉంటే ఉండనీ అంటాను. లిన్ రొట్టె ముక్క గుడ్డలో చుట్టి పంపుతుంది. తీసుకోను. డోరిస్ ఫోన్ చేస్తే మాట్లాడతాను, వానల గురించి, అమ్మ సమాధి మీద గడ్డి గురించి. ఫ్రాంక్ పేరు ఎత్తితే ఫోన్ పెట్టేస్తాను.

మొన్న చూశాను. ఫ్రాంక్ సొంత మిషను తెచ్చుకుని షెడ్డు చుట్టూ గడ్డి కోస్తున్నాడు. ఇస్త్రీ చొక్కాతోనే. నన్ను చూసి చెయ్యెత్తాడు. మా నాన్న బండలు ఏరి చదును చేసిన నేల అది. నేను అక్కడే నడక నేర్చుకున్నాను. నేను రాసిచ్చేసింది రైలు పట్టాల వెంట నూట నలభై మీటర్లు, వాగు వైపు యాభై. మొత్తం ఏడు వేల చదరపు మీటర్లు. మా నాన్న లెక్కలో ఎకరం ముప్పావుకి కాస్త తక్కువ, షెడ్డుతో సహా.